ఒక బతుకును చరిత్రగా రాయడం: ఖమ్మం, భద్రాచలం అడవి అంచు నుంచి

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే రోడ్డు మీద ఏన్కూరు ఉంది. ఒక పక్క వరి, మిరప, పత్తి పండే మైదానం. మరో పక్క అడవి మొదలయ్యే నేల. ఈ చుట్టుపక్కల కోయ గూడేలు, లంబాడీ తండాలు, తరాలుగా ఉన్న రైతుల పల్లెలు, కృష్ణా గుంటూరు వైపు నుంచి వచ్చి భూములు కొని స్థిరపడిన వాళ్ల ఇళ్లు దగ్గర దగ్గరగానే కనిపిస్తాయి. బొగ్గుగనుల సంస్థకు పేరిచ్చిన సింగరేణి గ్రామం కూడా ఇక్కడికి దూరం కాదు. ఏన్కూరు వైరా శాసనసభ స్థానం కిందికి వస్తుంది. 2009 ఎన్నికల నుంచి అది షెడ్యూల్డ్ తెగలకు కేటాయించిన స్థానం.

ఇలాంటి ఊళ్లో ఉండి దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న విద్యార్థిని ఒక జీవితచరిత్ర రాయమంటే ఎవరి గురించి రాస్తారు? నేను అసైన్‌మెంట్లు దిద్దిన రోజుల్లో ఎక్కువగా వచ్చినవి గాంధీ, అంబేడ్కర్, అబ్దుల్ కలాం. వాటిలో తేదీలన్నీ సరిగానే ఉండేవి. కాని రాసిన విద్యార్థి తాను స్వయంగా కనుక్కున్న సంగతి ఒక్కటీ ఉండేది కాదు. మీ ఊళ్లో ఎవరి గురించైనా రాయరాదా అంటే, "మా ఊళ్లో గొప్పవాళ్లెవరూ లేరు సార్" అనే జవాబే ఎక్కువ. ఈ పాఠ్యభాగం ఆ జవాబును దృష్టిలో పెట్టుకొని రాసినది.

ముందుగా మాటల సంగతి చూద్దాం. ఒకరి జీవితాన్ని మరొకరు రాస్తే జీవితచరిత్ర. తన జీవితాన్ని తానే రాసుకుంటే స్వీయచరిత్ర, లేదా ఆత్మకథ. జీవితం మొత్తం కాకుండా ఒక కాలాన్నో, ఒక ఉద్యమాన్నో, కొందరు మనుషులనో తలుచుకుంటూ రాస్తే జ్ఞాపకాలు. పరీక్షకు ఈ తేడా చాలు. అసలు తేడా వేరే చోట ఉంది. చదువరి ఏ వాక్యం దగ్గరైనా ఆగి "ఈ సంగతి నీకెలా తెలుసు?" అని అడిగితే చరిత్ర రాసినవారి దగ్గర జవాబు ఉండాలి. ఆ జవాబు కాగితం కావచ్చు, నోటిమాట కావచ్చు, పాట కావచ్చు. వాటిలో ఏదో ఒకటే గొప్పదని నేననను. కాని ఏ సంగతి ఎక్కడి నుంచి వచ్చిందో దాచకూడదు. కథకుడికి ఈ బాధ్యత లేదు.

నేలకొండపల్లి గోపన్న

మన జిల్లాలో అందరికీ తెలిసిన జీవితకథ ఒకటి తీసుకుందాం. కంచెర్ల గోపన్నది నేలకొండపల్లి. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, అంటే మనం తానీషా అని పిలుచుకునే రాజు, కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. ఆ ఉద్యోగం మేనమామలైన అక్కన్న మాదన్నల వల్ల వచ్చిందని చెబుతారు. వసూలైన శిస్తుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. సర్కారు సొమ్ము వాడినందుకు గోల్కొండ కోటలో 12 ఏళ్లు చెరలో ఉన్నాడు. చివరికి రామలక్ష్మణులే మారువేషంలో వెళ్లి తానీషాకు బాకీ చెల్లించారు. హరికథల్లో, యక్షగానాల్లో ఇదే కథ. 1964లో నాగయ్య, 2006లో నాగార్జున నటించిన సినిమాల్లోనూ ఇదే కథ.

చరిత్ర విద్యార్థి ఈ కథను కొట్టిపారేయనక్కరలేదు, తలూపనూ అక్కరలేదు. పక్కన కాగితం పెట్టుకొని సంవత్సరాలు వేసుకోవాలి. తానీషా పాలన 1672లో మొదలైంది. గోల్కొండ 1687 సెప్టెంబరులో ఔరంగజేబు వశమైంది. మొత్తం 15 ఏళ్లు. మాదన్న పెద్ద మంత్రి అయింది తానీషా గద్దెనెక్కిన వెంటనే కాదు, కొద్దికాలం తరువాత. మేనమామ మంత్రి అయ్యాకే మేనల్లుడికి ఉద్యోగం వచ్చిందనుకుంటే అప్పటికే కొన్ని ఏళ్లు గడిచాయి. తరువాత శిస్తు వసూలు, గుడి కట్టడం, ఫిర్యాదు, విచారణ, 12 ఏళ్ల చెర, విడుదల. ఇవన్నీ మిగిలిన కాలంలో ఇమడాలి. బొత్తిగా ఇమడవని కాదు, చాలా ఇరుకు. ఇప్పుడు ఆ 12 అనే అంకెను మళ్లీ చూడండి. పాండవుల అరణ్యవాసం 12 ఏళ్లు. మన కథల్లో తపస్సులకూ, కరువులకూ, ఎడబాట్లకూ తరచుగా వచ్చే లెక్క అదే. గోపన్న చెర నిజం కావచ్చు. 12 మాత్రం కథ తన పద్ధతిలో వేసుకున్న అంకె కావచ్చు. ఇంతవరకు మనం పాత దస్తావేజు ఒక్కటైనా తెరవలేదు. పాలనాకాలం తెలిస్తే చాలు, ఇంటి దగ్గర కూర్చునే ఈ పరీక్ష చేయవచ్చు.

మరో ఆధారం కీర్తనలు. రామదాసు కీర్తనల్లో భక్తితో పాటు నిష్ఠూరం ఉంటుంది. ఏ నగకు ఎంత ఖర్చు పెట్టానో లెక్క చెప్పి, ఎవడబ్బ సొమ్మని దేవుణ్ణే నిలదీసే ధోరణి జనం నోట నిలిచిపోయింది. శిస్తు లెక్కలు రాసే ఉద్యోగి గొంతు అందులో వినబడుతుందని నాకు అనిపిస్తుంది. అయితే ఇది నా అభిప్రాయం మాత్రమే. ఆ కీర్తనలు చాలాకాలం నోటి నుంచి నోటికి నడిచి, తరువాత ఎప్పుడో అచ్చులోకి వచ్చాయి. రామదాసు పేరున ఉన్న ప్రతి పాటా ఆయనదే అనడానికి లేదు. కాబట్టి రాసేటప్పుడు "కీర్తనల్లో ఇలా ఉంది" అనాలి. "గోపన్న ఇలా బాధపడ్డాడు" అనకూడదు. ఈ రెండు వాక్యాల మధ్య తేడా పట్టుబడితే ఈ పాఠంలో సగం వచ్చినట్టే.

అచ్చులోకి వచ్చిన జీవితాలు

తెలుగు వచనంలో స్వీయచరిత్ర అనగానే కందుకూరి వీరేశలింగం పేరు వస్తుంది. ఆయన "స్వీయచరిత్రము" రెండు భాగాలు 1911, 1915 సంవత్సరాల్లో వెలువడ్డాయి. రాజమండ్రిలో ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న. అంటే జరిగినదానికీ, అచ్చయినదానికీ మధ్య దాదాపు 30 ఏళ్లు. ఈ 30 ఏళ్లలో మిత్రులు విరోధులయ్యారు, భార్య రాజ్యలక్ష్మమ్మ 1910లో చనిపోయింది, ఆయన మీద కోర్టు వ్యాజ్యాలు నడిచాయి. ఆ చేదు, ఆ దుఃఖం 1881 సంగతులు చెప్పేటప్పుడు కూడా కలానికి అంటుకునే ఉంటాయి. అదృష్టవశాత్తు ఆయనదే "వివేకవర్ధని" పత్రిక ఉంది. 1874లో మొదలైన ఆ పత్రికలో ఆ రోజుల నాటి వేడి ఉంది. ఒకే మనిషి ఒకే విషయం గురించి అప్పుడేమన్నాడు, ముసలితనంలో ఏమన్నాడు అని పోల్చి చూడటం స్వీయచరిత్ర చదవడంలో మొదటి అభ్యాసం.

మన పొరుగునే ఉన్న పెనుగంచిప్రోలు ఆడపడుచు భండారు అచ్చమాంబ ఇంకో దారి పట్టింది. ఆమె బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో ఇంట్లోనే చదువుకుంది. స్త్రీలు తెలివి తక్కువవారనే మాటకు జవాబుగా "అబలా సచ్చరిత్ర రత్నమాల" పేరుతో స్త్రీల జీవితాలను వరుసగా రాసింది. 1905లో 30 ఏళ్లు దాటీ దాటకముందే చనిపోయింది. తమ్ముడు లక్ష్మణరావు పూనికతో హైదరాబాదులో మొదలైన విజ్ఞానచంద్రికా గ్రంథమాల 1907లో వేసిన మొదటి పుస్తకం కూడా జీవితచరిత్రే: గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఎక్కడో అమెరికాలో బానిసత్వం మీద పోరాడిన మనిషి కథను తెలుగు పాఠకుడి చేతిలో పెట్టాలని ఆ రోజుల్లో తోచిందంటే, జీవితచరిత్రను వాళ్లు ఎందుకు రాశారో ఊహించవచ్చు.

నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకరు అన్నప్పుడు సురవరం ప్రతాపరెడ్డి వాదానికి దిగలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు పోగుచేసి 1934లో "గోలకొండ కవుల సంచిక" వేశారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. ఒక్కొక్కరి గురించి ఉన్నది కొద్ది మాటలే. అయినా 354 చిన్న జీవితాలు ఒకచోట చేరేసరికి అది కాదనలేని సాక్ష్యమైంది. "మా ఊళ్లో గొప్పవాళ్లెవరూ లేరు" అనే విద్యార్థికి నేను ఈ పుస్తకం పేరే చెబుతాను.

ఖమ్మంలో చదువుకున్న దాశరథి సోదరులు ఇద్దరూ తమ జీవితాల గురించి రాశారు. కృష్ణమాచార్యది "యాత్రాస్మృతి", రంగాచార్యది "జీవనయానం". రంగాచార్య అదే కాలాన్ని "చిల్లర దేవుళ్లు" వంటి నవలల్లోనూ రాశారు. ఒకే మనిషి చూసిన దొర గడీ నవలలో ఒక రకంగా, ఆత్మకథలో మరో రకంగా ఉంటుంది. నవలలో ఆయనకు పాత్రలను కల్పించుకునే స్వేచ్ఛ ఉంది. ఆత్మకథలో ఆ స్వేచ్ఛ లేదు. శ్రీశ్రీ మాత్రం తన "అనంతం"ను ఆత్మచరిత్రాత్మక నవల అని ముందే చెప్పి రెండింటి మధ్య గట్టు మీద కూర్చున్నారు. ఆయనకు చెల్లింది. మీరు అనుకరించవద్దని నా సలహా.

అడవిలో ఉన్నవాళ్ల మాట

1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మీద పుచ్చలపల్లి సుందరయ్య, రావి నారాయణరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు పుస్తకాలు రాశారు. ముగ్గురూ పోరాటంలో ఉన్నవాళ్లే. అయినా 1948 సెప్టెంబరులో, మన పెద్దలు పోలీసు యాక్షన్ అని చెప్పుకునే సైనిక చర్య తరువాత కూడా తుపాకి పట్టుకొని ఉండటం సరైనదేనా అన్న దగ్గర వాళ్ల మాటలు కలవవు. నాయకుల రచనలను ఒకదానితో ఒకటి పోల్చి చదవాలనడానికి ఇదే కారణం.

సైన్యం వచ్చాక దళాలు మైదానం వదిలి పాల్వంచ, ఇల్లెందు, ములుగు అడవుల వైపు జరిగాయి. అంటే మన వైపుకు. దళాలకు తిండి దొరకకుండా చేయడానికి కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో కాపలా కింద పెట్టారు. నాయకుల పుస్తకాల్లో ఈ కాలం దాడులుగా, ఎదురుకాల్పులుగా, చనిపోయినవారి పట్టికలుగా కనిపిస్తుంది. ఆ శిబిరంలో పొయ్యి ఎలా వెలిగింది, గింజలు ఎవరు కొలిచి ఇచ్చారు, అడవిలో కాన్పు వస్తే ఏం చేశారు అన్న ప్రశ్నలకు అక్కడ చోటు తక్కువ.

ఆ చోటును కొంతైనా నింపింది "మనకు తెలియని మన చరిత్ర". హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన అనే బృందం పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటలు రికార్డు చేసి, 1986లో పుస్తకంగా వేసింది. 1989లో ఇంగ్లీషులోనూ వచ్చింది. పాలకుర్తి దగ్గర విసునూరు దేశముఖ్‌కు ఎదురుతిరిగి తన పంట తాను ఇంటికి తెచ్చుకున్న చాకలి ఐలమ్మ మాట అందులో ఉంది. పుస్తకం బయటికి రాకముందే, 1985 సెప్టెంబరు 10న, ఆమె చనిపోయింది. అడగడం ఇంకో ఏడాది వాయిదా పడి ఉంటే ఆమె గురించి మనకు ఇతరులు చెప్పినదే మిగిలేది.

ఆ పుస్తకంలో కమలమ్మ కథ చదివిన విద్యార్థులు సాధారణంగా ఒక్కచోటే ఆగిపోతారు. దళంతో అడవిలో తిరుగుతూ పసిబిడ్డను దగ్గర ఉంచుకోలేక వదులుకోవలసి వచ్చిన తల్లి మాట అది. పోరాటం గురించి అంత గర్వంగా చెప్పే మనిషే ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి వేరే మనిషిగా వినబడుతుంది. జీవితచరిత్ర రాసేవారికి ఇక్కడ పరీక్ష ఉంది. గర్వం ఉంచి ఏడుపు తీసేస్తే అది పార్టీ కరపత్రం. ఏడుపు ఉంచి గర్వం తీసేస్తే ఆమె ఎంచుకున్న దారిని మనం అవమానించినట్టు. రెండూ ఆమెవే. రెండింటినీ ఆమె చెప్పిన వరసలోనే ఉంచాలి.

మల్లు స్వరాజ్యం జీవితం మరో రకంగా పనికొస్తుంది. ఆమె 1986 పుస్తకంలో మాట్లాడింది. 30 ఏళ్లు దాటిన తరువాత విమల, కాత్యాయని ఆమె చెప్పింది విని రాసిన "నా మాటే తుపాకీ తూటా" 2019లో వచ్చింది. ఆమె 2022 మార్చిలో కన్నుమూసింది. ఒకే జీవితం, రెండుసార్లు చెప్పినది. రెండింటినీ పక్కన పెట్టుకొని చదివితే ఒకసారి పొడుగ్గా చెప్పిన సంఘటన రెండోసారి ఎంత స్థలం తీసుకుందో, ఎవరి పేరు ముందుకు వచ్చిందో, ఏ మాట మెత్తబడిందో గమనించవచ్చు. తేడా కనబడగానే "ఒకటి అబద్ధం" అనే తొందర వద్దు. వినేవాళ్లు మారారు, కాలం మారింది, చెప్పే మనిషి వయసు మారింది. మీ ఊరి పెద్దమనిషి నిరుడు చెప్పినదీ, ఈ ఏడు చెప్పినదీ కలవకపోతే రెంటినీ కలిపి ఒక్క కథ చేయకండి. తేదీలు వేసి రెండూ ఉంచండి.

చెప్పకుండా వదిలేసిన మాటలకూ చరిత్రలో స్థానం ఉంది. 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ 2012లో "నిర్జన వారధి" ప్రచురించింది. బాల్య వైధవ్యం, రెండో పెళ్లి, రహస్య జీవితం, భర్త సీతారామయ్య విడిపోవడం, కొడుకునూ కూతురునూ పోగొట్టుకోవడం, ఉద్యోగం చేసి బతకడం: ఇంత జీవితాన్ని ఆమె గొంతు పెంచకుండా రాసింది. ఎవరి మీదైనా ఎంతైనా రాయగలిగిన చోట కూడా తక్కువ రాసింది. ఆ తక్కువలోనే ఆమె తీర్పు ఉందని నేను అనుకుంటాను. మీరు విన్న మనిషి ఒక విషయం దగ్గర మౌనంగా ఉండిపోతే "ఈ సంగతి ఆమె చెప్పలేదు" అని రాయండి. ఊహతో ఆ ఖాళీ పూడ్చకండి.

డోలీలు దాచిన చరిత్ర

కాగితం లేని చోట చరిత్ర లేదనుకునేవాళ్లు కోయ డోలీలను వినలేదు. కోయల ఇలవేల్పుల, గట్టుల, గోత్రాల కథలను తరాలుగా పాడుతూ వచ్చినవారు వీళ్లు. గుడ్డ మీద బొమ్మలతో తయారైన పడిగెలు వీళ్ల పాటకు తోడు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు కథలను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో చనిపోయారు. ఆయన నోట ఉన్నదాంట్లో రికార్డు అయినది మిగిలింది.

డోలీ పాటను శాసనంలా చదవలేం. అందులో ఏ వీరుడు ఏ సంవత్సరంలో చనిపోయాడో దొరకదు. కాని ఏ వంశానికి ఏ గూడెంతో సంబంధం, ఎవరికి ఎవరు వియ్యంకులు, ఏ వాగు దాటి వచ్చారు, ఏ రాజుతో ఎందుకు తగువు పడింది అన్నవి దొరుకుతాయి. అదే ప్రాంతానికి 1941లో వచ్చిన హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద 1945లో ఒక పెద్ద గ్రంథం వేశాడు. పోడు, పెళ్లి, పండుగ, కలప కాంట్రాక్టర్ల దోపిడీ అన్నీ అందులో ఉన్నాయి. అది విలువైన పుస్తకం. కాని అది ఒక తెగ పుస్తకం. ఒక్క మనిషి పుట్టుక నుంచి చావు దాకా ఎలా బతికాడో చెప్పడం దాని పని కాదు. ఆ పని అక్కడి పిల్లలు చదువుకొని చేయవలసినది.

తేదీలు, కాగితాలు

"తాతా, నువ్వు ఎప్పుడు పుట్టావు?" అంటే జవాబు రాదు. ఆధార్ కార్డు మీద ఉన్న జనవరి 1నో, బడిలో చేర్చినప్పుడు పంతులు వేసిన జూన్ తేదీనో నమ్మి రాస్తే మీ ఊళ్లో సగం మంది ఒకే రోజు పుట్టినట్టు తేలుతుంది. అందుకని సంవత్సరం అడగకండి, సంఘటన అడగండి. పోలీసు యాక్షన్‌నాటికి నువ్వు పశువులు కాస్తున్నావా, ఎత్తుకునే పిల్లవాడివా? పాల్వంచలో ఉద్యోగాల గొడవతో 1969 తెలంగాణ ఉద్యమం మొదలైనప్పుడు నీకు పెళ్లయిందా? గోదావరి పెద్ద వరదలు మంచి గుర్తులు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 1953లో 72.5 అడుగులు, 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. "పెద్ద వరద" అంటే ఆ మనిషి వయసును బట్టి ఏ వరదో తేల్చుకోవాలి. జనం తిథులతో గుర్తుపెట్టుకుంటారన్న సంగతి కూడా మరవకండి. 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన కొమురం భీం వర్ధంతిని గోండులు ఇంగ్లీషు తేదీతో కాక ఆశ్వయుజ పౌర్ణమినాడే జరుపుతారు.

మన ప్రాంతంలో కాగితం వెతకాలంటే అప్పటి సరిహద్దు తెలియాలి. ఏన్కూరు నిజాం రాజ్యం. గోదావరి అవతల భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీ. 1930లో అటు పుట్టినవాళ్ల రికార్డు ఇంగ్లీషులోనో తెలుగులోనో ఉంటుంది, ఇటు పుట్టినవాళ్లది ఉర్దూలో. ఖమ్మం జిల్లా 1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి విడిపోయింది. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుంచి ఇందులో కలిసింది. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరు 11న కొత్తగూడెం వేరే జిల్లా అయింది. ఒకే ఊళ్లో కదలకుండా కూర్చున్న ముసలామె కూడా ఇన్ని సర్కార్ల కిందికి మారి ఉండవచ్చు. ఆమె భూమి కాగితం ఏ కార్యాలయంలో ఉందో ఈ మార్పులే చెబుతాయి.

పాత కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని అందరూ చెబుతారు. అది సగం నిజం. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదట్లో ఆజుర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి ఫసలీ 1345 ఆజుర్ అంటే 1935 అక్టోబరు. అదే 1345లో ఎనిమిదో నెల తీర్ అంటే 1936 మే. మద్రాసు వైపు ఫసలీ జూలై 1న మొదలవుతుంది. నెల చూడకుండా 590 కలిపేస్తే ఒక ఏడాది తేడా వస్తుంది. ఒక్కోసారి తండ్రి చనిపోయాక కొడుకు పుట్టినట్టూ అవుతుంది. భూమి కోసం 1954–55 ఖాస్రా పహాణీ చూడండి. పాత సంస్థానపు దస్తావేజులకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. అంతకన్నా ముందు ఇంట్లో ఉన్న పెట్టె తెరిపించండి. పెళ్లి శుభలేఖ, తాకట్టు కాగితం, సింగరేణి సర్వీసు పుస్తకం, ఫొటో వెనక రాసిన రెండు ముక్కలు: వీటిని ఏ ఆర్కైవ్స్ దాచలేదు.

ఈ పని వల్ల మార్కులు తప్ప లాభమేమిటని అడిగేవారికి ఒక సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమి మీద హక్కు అడిగే గిరిజన కుటుంబం 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి తమ సాగులో ఉందని చూపాలి. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా, అడవిని నమ్ముకొని అక్కడే ఉన్నామని చూపాలి. ఆ చట్టం కింద వచ్చిన 2008 నియమాల్లో 13వ నియమం సాక్ష్యాలు ఏవో చెబుతుంది. సర్కారు రికార్డులతో పాటు, దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పిన మాటను రాతలో పెట్టినది కూడా ఒక సాక్ష్యమే. ఏ చెట్టు కింద ఎవరు గుడిసె వేశారు, ఏ ఏడు ఆ చెలక కొట్టారు, సమాధులు ఎక్కడున్నాయి అన్న ముసలివాళ్ల జ్ఞాపకం సరిగా రాస్తే ఒక కుటుంబం భూమి నిలవవచ్చు. తప్పుగా రాస్తే పోవచ్చు. అందంగా ఉందని ఒక వాక్యం చేర్చడం ఇక్కడ ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అందుకే విన్నది విన్నట్టు రాయడం గురించి ఇంకొక మాట. లంబాడీ అవ్వ తన భాషలో చెప్పినదాన్ని మనవరాలు తెలుగులో చెబితే, రాసేటప్పుడు ఆ మనవరాలు మధ్యలో ఉన్నదని చెప్పాలి. వెట్టి, పటేలు, గిర్దావరు, నాగులు వంటి మాటలను గ్రాంథికంలోకి మార్చవద్దు. వడ్డీకి ధాన్యం తెచ్చుకొని తిరిగి కొలవడాన్ని నాగులు అనే కుటుంబాన్ని "ఋణగ్రస్తులు" అని రాస్తే సంగతి సగం పోతుంది. బతికి ఉన్నవాళ్ల పరువుకు, ప్రాణానికి ఇబ్బంది కలిగే చోట పేరు మార్చండి. మార్చిన సంగతి మాత్రం చదువరికి చెప్పండి.

ఈ పాఠ్యభాగానికి అసైన్‌మెంటు ఇది. 70 ఏళ్లు దాటిన ఒక మనిషిని, మీ ఇంట్లోవారైనా సరే, ఎంచుకొని కనీసం రెండుసార్లు, వారం తేడాతో, కూర్చొని మాట్లాడండి. రెండోసారి వెళ్లినప్పుడు మొదటిసారి రాసుకున్నది చదివి వినిపించండి. వాళ్లు "అట్ల కాదు" అన్న చోటల్లా గుర్తుపెట్టండి. తరువాత 1,500 మాటలకు మించకుండా వారి జీవితంలో ఒక్క కాలాన్ని రాయండి: పెళ్లి నుంచి మొదటి బిడ్డ వరకు, లేదా ఊరు విడిచిన ఏడాది, లేదా గనిలో చేరిన రోజులు. కాగితం ఎడమ పక్క మార్జిన్ వెడల్పుగా వదిలి, ప్రతి పేరాకు ఎదురుగా ఆ సంగతి ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో, ఏ రోజు విన్నారో రాయండి. మార్కుల్లో సగం ఆ మార్జిన్‌కే. రాసిన ప్రతి ఒకటి అధ్యయన కేంద్రానికి, ఒకటి ఆ ఇంటికి ఇవ్వాలి. చదవడం రాని ఇల్లయితే వెళ్లి మొత్తం చదివి వినిపించి రండి.